పాత తరిమెన యంత్రమును గృహోపయోగమునకు బాగుచేసికొను విధము

మంచపుకోళ్లు, కవ్వములు, ఉలిపిడులు మొదలగువానిని గుండ్రముగ తీర్చుటకు కొయ్యను త్రిప్పు యంత్రమును తరిమెన యందురు; లేతు అనునదియు నిదియే. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడుకొయ్యతో నిట్టి యంత్రము మీదనే తయారగును. కాలితో త్రొక్కి నడుపు పోతయినుప తరిమెనలు అక్కడక్కడ త్రుప్పుపట్టి, పాత యినుము క్రింద తూకమునకు అమ్ముడగుచుండును. వాని బరువును చూచి వెనుదీయరాదు. పోతయినుములోని గ్రాఫైటు కంపమును అణచును. అందువలన ఉలి అదరక పని నున్నగ వచ్చును.

1. కొనుటకు పూర్వము. త్రుప్పును వదల్పవచ్చును గాని బీటను మాన్పుట దుస్సాధ్యము. కుండను కొట్టి చూచినట్లు చిన్న సుత్తితో ప్రతి భాగమును తట్టవలయును; బొంగురు ధ్వని వచ్చినచోట ననుమానింపవలయును. అచ్చట కిరసనాయిలు పూసి, కొంతసేపటికి తుడిచి, సుద్దపొడి చల్లినయెడల బీటలోని నూనె పైకి వచ్చి నల్లని గీతగా కనబడును. తిరుగు ఇరుసును చేతితో పట్టి ప్రక్కలకు కదపవలయును. బండియిరుసు వలె గడగడలాడినచో లోపల అరిగినదని యెరుంగునది. కుడివైపు మొనను ఎడమవైపు మొనకు చేర్చిన రెండును సరిగ కలియవలయును. ఇరుసును మోయు భాగమున బీటయున్న యంత్రమును ఎంత చౌకయైనను కొనరాదు.

2. విప్పుట. బిగిసిన మరలపై బలము చూపరాదు. కిరసనాయిలు పోసి ఒక రాత్రి నానబెట్టవలయును. కొన్ని మరలు ఎడమచుట్టువి గనుక ఏవైపు వదులగునో చూచి త్రిప్పవలయును. విప్పిన వరుసలోనే సామానును సంఖ్యలు వ్రాసి పేర్చినచో కూర్చునప్పుడు తికమక యుండదు.

3. రంగు. మనదేశమున గృహోపయోగ రంగులలో సీసమునకు కఠినమైన పరిమితి 2017 సంవత్సరమున అమలులోనికి వచ్చినది. తత్పూర్వపు రంగులో సీసముండుట సంభవము. కావున పొడిగ గోకరాదు; తడిపి గోకి, ఆ మట్టిని పిల్లలకును పశువులకును అందనిచోట చేర్చవలయును.

4. త్రుప్పు. చిన్న భాగములను ప్లాస్టిక్ తొట్టిలో, నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా వాషింగు సోడా చొప్పున కలిపిన నీట ముంచి, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణతీగను ఆ భాగమునకును, ధనతీగను వేరొక పనికిరాని యినుప ముక్కకును తగిలింపవలయును. రెండును ఒకదానికొకటి తగులరాదు. ఆ ముక్కకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడినచో విషము పుట్టును. నీటినుండి మండు వాయువు వెలువడును గనుక ఆరుబయట, నిప్పునకు దూరముగ చేయవలయును. చార్జరును ఆపకుండ నీట చేయి పెట్టరాదు. పిమ్మట కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె రాయవలయును. పొడుగైన పీఠమును కిరసనాయిలుతోను గరుకు కాగితముతోను చేతితోనే శుభ్రపరుపవలయును. విద్యుత్ సానయంత్రముతో అరగదీసినచో దాని సమత నశించును.

5. నడుపుట. పాత యంత్రములలో ఇరుసు తెల్లని మెత్తని లోహముపై తిరుగుచుండును. అది సుమారు 240 డిగ్రీల వేడికే కరుగనారంభించును గనుక అచ్చట మంట చూపరాదు. ప్రతిదినము నూనె వేయవలయును. కాలితో నడుపుటకు చేసిన యంత్రమునకు వేగముగల మోటారు తగిలించుట ప్రమాదకరము. తగిన మోటారు పెట్టినను ఎర్తు తీగయు, బెల్టునకు కప్పును ఉండితీరవలయును. పనివేళ ఉత్తరీయము, ఉంగరము, చేతితొడుగు కూడవు, కంటికి అద్దములుండవలయును.

పగులులేని యంత్రమును ఈ రీతిని బాగుచేసిన, పొలముపనులు లేని దినములలో ఇంటి సామాను ఇంటనే సిద్ధమగును. కావున రైతులు పనిముట్లకు పూర్వము పరీక్షకు ఓపిక పట్టవలయునని గమనింతురు గాక.