చెట్టుతో నీకేమి యుద్ధము?

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 20:19, 20

మోషే ధర్మశాస్త్రములో యుద్ధమును గూర్చిన కట్టడల నడుమ ఒక చిన్న ఆజ్ఞ యున్నది. ఒక పట్టణమును బహుదినములు ముట్టడించు సైన్యము అక్కడి ఫలవృక్షములమీద గొడ్డలి వేయకూడదు. దానికి చెప్పిన హేతువు ఆలోచింపదగినది. చెట్టు పారిపోయి కోటలో దాగుకొనగల మనిషి కాదు గదా, దానితో నీకేమి యుద్ధము అని ఆ వచనపు భావము.

ముట్టడి అనగా ఏమో తెలిసికొనుటకు మనము యెరికో వరకు పోనక్కరలేదు. 1687లో ఔరంగజేబు సైన్యము గోలకొండను ఎనిమిది మాసములు ముట్టడించెను. ఆ కోటకు చేర్చి కట్టిన నయాఖిల్లాలో ఒక బావోబాబ్ వృక్షము నేటికిని నిలిచియున్నది. అది ఆఫ్రికా ఖండపు చెట్టు. వర్తకులో ఫకీరులో తెచ్చి నాటిరని చెప్పుదురు. వయస్సు 400 యేండ్లు పైబడినదని అంచనా. అట్లయిన ఆ ఫిరంగుల మోత అది విన్నదే. మ్రాను చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. పదునేడుగురు చేతులు చాచి నిలిచినగాని చుట్టు పూర్తికాదు. బెరడు ఏనుగు తోలువలె నుండుటచేత అక్కడివారు హాతియాన్ కా ఝాడ్ అందురు. లోపల బోలు; మనుష్యులు దూరగలరు. ఈ జాతి చెట్టు తన మ్రానులో నీరు నిలువ చేసికొనును. తెల్లని పూవులు రాత్రివేళ విచ్చుకొనును. మన దేశములో ఇవి అరుదు. ఆఫ్రికాలోనే మిక్కిలి పాతవి 2005 తరువాత అనేకములు కూలినవని శాస్త్రజ్ఞులు 2018లో తెలిపిరి.

ఆ చెట్టు ముట్టడిని దాటినది. కాని కోటకు వాయవ్యమున కొద్ది మైళ్లలోనే, 1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటినుండి పెరిగిన కంప్యూటరు పట్టణము అంచున, మరియొక విధమైన ముట్టడి జరిగినది. ఆ చోటి పేరు కంచ గచ్చిబౌలి. కంచ అనగా పశువులు మేయు బీడని మీకు నేను చెప్పనక్కరలేదు. అది హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న 400 ఎకరముల నేల. 2003లో ప్రభుత్వము దానిని క్రీడల నిమిత్తము ఒక సంస్థకిచ్చెను. 2006లో రద్దు చేసెను. వ్యాజ్యము 2024 వరకు నడచి ప్రభుత్వ పక్షమున తీరెను. మనుష్యులు కాగితములతో పోరాడుచుండగా నేల తన పని తాను చేసికొనెను. చెట్లు మొలచెను, నెమళ్లు, జింకలు, నక్షత్ర తాబేళ్లు అక్కడ బ్రదికెను. తగవు తీరిన తరువాత శిక్ష చెట్లకు వచ్చెను. 2025 మార్చి 30న బుల్డోజరులు దిగెను. విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపివేసి, చెట్లు కొట్టుటకు అనుమతులు పొందితిరా అని అడిగెను. అప్పటికే ఇంచుమించు 100 ఎకరములు చదునైపోయెను.

అది తన భూమియనియు, అడవి కాదనియు, అక్కడ ఉద్యోగములు కలుగుననియు ప్రభుత్వము చెప్పెను. ఉద్యోగము తేలిక మాట కాదు. మన పిల్లలు ఎందరో ఆ మేడలలో పనిచేసి పంపిన డబ్బుతో ఇంటి కప్పులు మారినవి. నేనును వారి పెండ్లి విందులు తినినవాడనే.

ఇరువదవ వచనము ఫలమియ్యని చెట్టును నరుకనిచ్చుచున్నది గదా అని ఒకరు అడుగవచ్చును. నిజమే. అయితే మన కంచలలో రేగు, ఈత, సీతాఫలము ఫలించుట లేదా? తుమ్మకాయ మేకకు ఆహారము కాదా? పైగా ఆ వచనము ప్రకారము నరుకువాడు మొదట అది ఏ చెట్టో ఎరుగవలెను. చూడక, ఎంచక, యంత్రము తోలుటకు అందులో సెలవు లేదు.

తగవు రాకముందే చెట్టును తలచినవారును ఉన్నారు. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున టోరీ పైన్ అను అరుదైన వృక్షము రెండే చోట్ల తనంతట పెరుగును. వాటిలో ఒకదానికొరకు 1899లో సాన్ డియేగో నగరసభ 364 ఎకరములు ప్రత్యేకించెను. మన కంచకంటె 36 ఎకరములు తక్కువ.

ఇక మన గట్ల సంగతి. నేనెరిగిన ఒక గ్రామములో అన్నదమ్ములు పొలము పంచుకొనిరి. గట్టుమీది చింతచెట్టు ఎవరిదో తేలలేదు. నాకు దక్కనిది వానికి దక్కనేల అని ఇరువురును ఒప్పుకొని దానిని కొట్టించి ఇటుకబట్టీకి అమ్మిరి. వారు ఏకమనస్సుతో చేసిన పని అదొక్కటే. మరుసటి వేసవిలో ఇద్దరి కూలీలకును నీడ లేకపోయెను. ఆదివారము ఇరువురును గుడికి వచ్చి చెరియొక కొసను కూర్చుందురు. యోబు 14:7లో చెప్పినట్లు, మొన్నటి వానలకు ఆ మొద్దు చిగిర్చినది. మేకలు కొరుకకుండ దానిచుట్టు ఎవరో ముండ్లకంప వేసిరి. ఎవరని అడిగితిని, అన్న తమ్ముని పేరు చెప్పెను, తమ్ముడు అన్న పేరు చెప్పెను.