పటం మీద నెర్రెలు

జూలై రాగానే మన క్వార్టర్స్‌లో తలుపులు బిగుసుకుపోతాయి. గడియ పడదు, భుజంతో నెట్టి మూయాలి. అదే తలుపును ఏప్రిల్‌లో చూడండి. అంచుకూ చట్రానికీ మధ్య సందులోంచి వెలుగు కనిపిస్తుంది. కర్ర గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుపోతుంది. తలుపైతే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించవచ్చు. అలాంటి చెక్క మీదే ఎవరో డెబ్బై ఏళ్ళ కిందట బొమ్మ వేసి ఉంటే?

మన ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరి ఇంట్లో అలాంటి పటమే ఉంది. అమ్మమ్మగారి నాటి తంజావూరు పటం, వెన్నకుండతో బాలకృష్ణుడు. విశాఖపట్నంలో ఉన్నన్నాళ్ళూ దానికి ఏమీ కాలేదు. నాన్నగారికి రాజస్థాన్ బదిలీ అయింది. అక్కడ రెండేళ్ళు ఉండి జగదల్‌పూర్ వచ్చి పెట్టె విప్పేసరికి కృష్ణుడి మోకాలి మీదుగా, కుండ మీదుగా నాలుగైదు నిలువు గీతలు పడి ఉన్నాయి. ఎండకు పగిలిందని అమ్మ, పాతబడింది కాబట్టి పగిలిందని నాన్న. "ఎవరిది నిజం టీచర్?" అని ఆ అమ్మాయి అడిగింది. జవాబు వెతకడానికి మాకు తెలుగు పీరియడ్లు చాలక సైన్సు వాళ్ళ పీరియడ్లు కూడా అడిగి తీసుకున్నాం.

ముందు మాటల సంగతి. పొలం నెర్రెలు విచ్చుతుంది. గోడ బీటలు వారుతుంది. మడమలు పగులుతాయి. గోడ మీది సున్నం పెచ్చులూడుతుంది. ఇవన్నీ ఒకటే అనుకోకండి. పటం మీద ముందు పడేవి నెర్రెలు. నెర్రె పడిన పటం ఇంకా బతికే ఉంటుంది, దూరం నుంచి చూస్తే తెలియను కూడా తెలియదు. ఆ నెర్రె అంచులు పైకి లేచి, రంగు పెచ్చులుగా రాలడం మొదలైతేనే నష్టం. రాలిన చోట ఆ చిత్రకారుడి చెయ్యి మళ్ళీ దొరకదు. కాబట్టి నెర్రె ఎందుకు పడుతుందో తెలుసుకోవడం పెచ్చు ఊడకముందే జరగాల్సిన పని.

వాన వెలిశాక చెరువు అడుగున మట్టిని గమనించే ఉంటారు. పైమట్టి ఎండి కుంచించుకోవాలని చూస్తుంది. కిందిమట్టి ఇంకా తడిగా ఉంటుంది కాబట్టి కదలదు. ఒకటి లాగుతుంది, ఒకటి పట్టుకుని ఉంటుంది, మధ్యలో పైపొర చీలుతుంది. పటంలోనూ ఇదే జరుగుతుంది. మనకు పైకి కనిపించేది రంగు ఒక్కటే గాని, పటం అంటే పొరల దొంతర. తంజావూరు పటంలో అన్నిటికన్నా కింద చెక్కపలక. దాని మీద జిగురుతో అంటించిన గుడ్డ. దాని మీద సుద్దపొడి, జిగురు కలిపి పట్టించిన పూత. ఆ పైన ఉబ్బెత్తు పని, రాళ్ళు, బంగారు రేకు, రంగు. మన చేర్యాల నకాషీ పటాల్లో చెక్క ఉండదు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టిస్తారు. యూరప్ వాళ్ళ తైలవర్ణ చిత్రాల్లో నార గుడ్డ, దాని మీద జంతువుల చర్మాల నుంచి తీసిన జిగురు, ఆ పైన తెల్లటి పూత, నూనె రంగు.

తేమ మారినప్పుడు ఈ పొరలన్నీ ఒకే కొలతలో సాగవు, ఒకే కొలతలో ముడుచుకోవు. అసలు చిక్కంతా ఇదే. చెక్క తన నార వెంబడి దాదాపు కదలదు, నారకు అడ్డంగా బాగా కదులుతుంది. అడుగున్నర వెడల్పు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. పైనున్న సుద్దపూత అంత కదలికను ఓర్చుకోలేదు. అందుకే చెక్క పటాల మీద నెర్రెలు నార దిక్కునే, తిన్నగా, పక్కపక్కన పడతాయి. కృష్ణుడి మోకాలి మీది నిలువు గీతలు అవే. పటం వెనక్కి తిప్పి చూశాం. పలక నార కూడా నిలువే!

గుడ్డ మీద వేసిన బొమ్మల కథ వేరు. గాలి ఎండిపోతే జిగురు పొర ముడుచుకుని గుడ్డను డోలు చర్మంలా బిగించేస్తుంది. తేమ ఎక్కితే వదులై జోగుతుంది. మూలల దగ్గర లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ ఏటవాలు గీతలు పడతాయి. వెనక నుంచి ఏదైనా తగిలితే ఆ చోటు చుట్టూ సాలెగూడులా గుండ్రటి గీతలు పడతాయి. పటం వెనక్కి చెయ్యి పెట్టకుండానే దాని గతం కొంత చదవవచ్చు.

నాన్నగారి మాటకూ విలువ ఉంది. కొత్తగా ఆరిన నూనె రంగు కొంచెం సాగుతుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ అది బిరుసెక్కి, అప్పడంలా పెళుసు అవుతుంది. చలికి ఇంకా పెళుసెక్కుతుంది. ఈ రోజుల్లో మనం వాడే అక్రిలిక్ రంగులు కూడా గడ్డకట్టే చలిలో వంచితే విరుగుతాయి. లేహ్ లాంటి చోట్లకు బదిలీ అయ్యే ఇళ్ళవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అయితే ఎంత పెళుసు రంగైనా కదపకపోతే పగలదు. కదిపేది తేమ.

ఇప్పుడు ఆ తేమ లెక్క చూద్దాం. వార్తల్లో "గాలిలో తేమ 80 శాతం" అంటారు. గాలిలో ఎనభై వంతులు నీళ్ళే అని కాదు. ఆ వేడిమిలో ఆ గాలి ఎంత ఆవిరిని మోయగలదో, అందులో 80 వంతులు మోస్తోందని. వేడి గాలి ఎక్కువ మోయగలదు, చల్ల గాలి తక్కువ. డిసెంబరులో ఇక్కడ పొగమంచు పట్టిన తెల్లవారుజాము 12 డిగ్రీలు ఉందనుకుందాం, తేమ 100 శాతం. మధ్యాహ్నానికి అదే గాలి 27 డిగ్రీలకు వేడెక్కింది. ఒక్క చుక్క నీరు తగ్గలేదు, అయినా తేమ దాదాపు 40 శాతానికి పడిపోతుంది. గోడకు వేలాడే పటం ఒక్క పూటలో ఇంత దూరం ప్రయాణం చేస్తుందన్న మాట, మేకు మీద నుంచి కదలకుండానే. వేడి నేరుగా చెక్కను సాగదీసేది చాలా కొద్ది. వేడి చేసే హాని ఎక్కువగా తేమ చేతి మీదుగానే జరుగుతుంది.

మరి విశాఖలో ఏమీ కానిది రాజస్థాన్‌లో ఎందుకైంది? ఎడారి పొడి గాలి వల్లేనని మేమూ మొదట అనుకున్నాం. ఆ అమ్మాయిని ఇంట్లో అడిగి రమ్మంటే ఇంకో సంగతి తెలిసింది. పటం వేలాడదీసింది కూలర్‌కు ఎదురుగా ఉన్న గోడకు! పగలంతా కూలర్ తడిగాలి కొడుతుంది. రాత్రి కూలర్ ఆపేస్తే గది మళ్ళీ ఎండిపోతుంది. రోజూ ఉబ్బడం, రోజూ ముడుచుకోవడం. తీగను ఒకసారి వంచితే వంగుతుంది, అదే చోట అటూ ఇటూ యాభైసార్లు వంచితే విరుగుతుంది. విశాఖ గాలి తడిగానే ఉంటుంది గాని, ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే తీరుగా తడిగా ఉంటుంది. పటం దానికి అలవాటు పడిపోయింది.

మార్పు లేకపోతే పటం ఎంత హాయిగా ఉంటుందో చెప్పే ఒక పాత ఉదంతం ఉంది. మన కాంగేర్ లోయలోని కోటుమ్‌సర్ గుహలోకి దిగినవాళ్ళకు తెలుసు, బయట ఏ కాలమైనా లోపల వేడిమి పెద్దగా మారదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు నేషనల్ గ్యాలరీ వాళ్ళు తమ చిత్రాలను 1941లో వేల్స్‌లోని మానోడ్ అనే పలకరాయి గనిలోకి తరలించారు. కొండ లోపల ఇటుకలతో గదులు కట్టారు. గని గాలి చల్లగా, చెమ్మగా ఉండేది. దాన్ని కొంచెం వెచ్చబెడితే చాలు, పైన చేసిన లెక్క ప్రకారం తేమ శాతం దానంతటదే తగ్గి, ఏడాదంతా ఒకే చోట నిలబడింది. లండన్‌లో ఎప్పుడూ ఏదో ఒక పటానికి రంగు పొర లేచిందని మరమ్మతు చేస్తూ ఉండేవారు. గనిలో ఉన్నన్నాళ్ళూ ఆ పని దాదాపు లేకుండా పోయింది. 1945లో తిరిగి లండన్ చేరగానే మళ్ళీ మొదలైంది. గ్యాలరీ గదుల్లో గాలిని అదుపు చేసే యంత్రాలు పెట్టడం ఆ తర్వాతి మాట. బదిలీ అయిన చోటే సుఖంగా ఉండి, సొంత ఊరు చేరగానే జబ్బుపడిన పటాలు!

నెర్రెలకు ఉన్న ఈ నమ్మకాన్ని వాడుకుని మోసం చేసినవాళ్ళూ ఉన్నారు. హాన్ వాన్ మీగరెన్ అనే డచ్చి చిత్రకారుడు 1930లలో తన బొమ్మలను పదిహేడో శతాబ్దపు వెర్మీర్ వేసినవిగా అమ్మాడు. రంగులో బేకలైట్ జిగురు కలిపి, పటాన్ని పొయ్యిలో కాల్చి, గుండ్రటి కడ్డీకి చుట్టి నెర్రెలు తెప్పించాడు. పాత దుమ్ములా కనబడాలని వాటిలో సిరా పూశాడు. పెద్ద పెద్ద పండితులే నమ్మారు. 1945లో అరెస్టయ్యాక తానే ఒప్పుకున్నాడు.

మళ్ళీ మన వైపు వద్దాం. బస్తర్ పల్లెల్లో మట్టిగోడలకు అలికే మట్టిలో ఊక, గడ్డి, పేడ కలపడం మీరు చూసే ఉంటారు. ఆ పీచు మట్టిని పట్టి ఉంచుతుంది. ఎండినప్పుడు ఒక్క పెద్ద బీట పడే బదులు కంటికి కనిపించనంత చిన్నవి పడి ఊరుకుంటాయి. అజంతా గుహల చిత్రాల కింద ఉన్నదీ ఇలాంటి మట్టే. రాతి గోడ మీద ఎర్రమట్టి, ఊక, గడ్డి పీచు కలిపి మెత్తి, దాని మీద సన్నటి పూత పూసి రంగులు వేశారు. దాదాపు పదిహేను వందల ఏళ్ళుగా వానాకాలం ఊటనూ వేసవి ఎండనూ అది తట్టుకుంటూ వచ్చింది. పల్లెగోడకూ దానికీ ఒక్కటే తేడా. పల్లెగోడ మీది బొమ్మ పాడైతే పండగకు మళ్ళీ అలికి మళ్ళీ వేస్తారు, ఆ పద్ధతిలో పోగొట్టుకునేది ఏమీ లేదు. అజంతా బొమ్మను మళ్ళీ వేసేవాళ్ళు లేరు.

అజంతా అప్పట్లో హైదరాబాదు సంస్థానంలో ఉండేది. పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ హయాంలో, 1920లో, ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించారు. ఊడిపోతున్న పెచ్చులను వాళ్ళు అతికించి నిలబెట్టారు, అది మేలే. అయితే పైన షెల్లాక్ పూశారు. షెల్లాక్ అంటే మరేమీ కాదు, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ చెట్ల కొమ్మల నుంచి తీసే లక్కే. కాలం గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కి బొమ్మలను మసకబార్చింది. తర్వాత మన పురావస్తు శాఖ రసాయన నిపుణులు దాన్ని తొలగించడానికి ఏళ్ళ తరబడి పనిచేయాల్సి వచ్చింది. ఇంట్లో పటం పగిలితే వార్నిష్ కొట్టేద్దామనే పెద్దలకు ఈ సంగతి చెప్పండి. ఫెవికాల్ కూడా వద్దు.

బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు మనం చేయగలిగింది ఇది. పటాన్ని ముందు శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, తర్వాత అట్టపెట్టెలో నిలువుగా పెట్టాలి. నూలు, అట్ట తేమను తాము పీల్చి, తాము వదులుతూ పటానికి దెబ్బ తగలకుండా చూస్తాయి. కొత్త ఊరు చేరాక పెట్టెను వెంటనే విప్పకండి. కనీసం ఒక రోజు గదిలో అలాగే ఉంచితే లోపలి గాలి మెల్లగా మారుతుంది. చేర్యాల పటాన్ని బిగుతుగా చుట్టకండి, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టండి. వేలాడదీసేటప్పుడు వంటింటి గోడ, బయటి ఎండ తగిలే గోడ, ఏసీ, కూలర్ ఎదురు గోడ వద్దు. మ్యూజియంలు తేమను 40, 60 శాతాల మధ్య ఉంచి, ఒక రోజులో 10 శాతానికి మించి మారకుండా చూస్తాయి. మన ఇళ్ళలో ఆ అంకె సాధ్యం కాదు, మార్పును నెమ్మదింపజేయడం మాత్రం సాధ్యమే. రంగు పొర లేచి ఉంటే దేనితోనూ తుడవకుండా, పటాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి నిపుణులకు చూపించాలి. లక్నోలో 1976లో ఏర్పడిన జాతీయ పరిరక్షణ ప్రయోగశాల ఇలాంటి పనికే ఉంది.

దసరా సెలవులకు మీకొక పని. సుద్దపొడిలో జిగురు కలిపి దోసెపిండిలా చేయండి. దాన్ని ఒక గుడ్డముక్క మీద, ఒక పల్చటి చెక్క మీద, ఒక గాజుపలక మీద ఒకే మందంలో పూసి ఆరనివ్వండి. ఇలాంటివే రెండు జతలు చేయండి. ఒక జత వరండాలో పెట్టండి, రెండోది నూలుగుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఉదయం, సాయంత్రం గాలిలో తేమ ఎంతో రాసుకోండి. దీపావళి దాటాక రెండు జతలూ తరగతికి తీసుకురండి. ఏది ముందు పగిలిందో, నెర్రె ఏ దిక్కుకు పరిగెత్తిందో కాగితం మీద గీసుకుని రావాలి. భూతద్దం మా దగ్గర ఉంది.