దయాధర్మము – అణ్వస్త్రము



యుద్ధమును త్వరగా ముగించుటకై నిరపరాధులను బుద్ధిపూర్వకముగా చంపవచ్చునా? ఈ పాఠమున మనము విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

1945 ఆగష్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిమిషములకు అమెరికా విమానము జపానులోని హిరోషిమా నగరముపై అణుబాంబును విడిచినది. 9వ తేదీన నాగసాకిపై రెండవ బాంబు పడినది. ఆ సంవత్సరాంతమునకు హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించిరని అంచనా. ఆగష్టు 15న జపాను చక్రవర్తి లొంగుబాటును ప్రకటించెను.

పూర్వపక్షము: సమర్థించువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. అంతకుముందు ఒకినావా దీవిలో మూడు మాసములు సాగిన పోరాటమున 12,000కు పైగా అమెరికనులును, జపాను సైనికులు, దీవివాసులు కలిసి లక్షకు మించియు మడిసిరి. నవంబరులో క్యూషూ దీవిపై దండెత్తుటకు ఏర్పాట్లు జరుగుచుండెను. జపాను ఆక్రమించిన దేశములలో ప్రజలు నిత్యము చనిపోవుచుండిరి. బాంబువలన అంతకంటె ఘోరమైన ప్రాణనష్టము తప్పినదని అమెరికా యుద్ధమంత్రిగా నుండిన హెన్రీ స్టిమ్సన్ 1947లో వ్రాసెను.

ప్రతివాదము: 1945 జూన్ మాసముననే జేమ్స్ ఫ్రాంక్ మొదలగు శాస్త్రజ్ఞులు, బాంబు శక్తిని ముందుగా నిర్జనప్రదేశమున చూపవలెనని నివేదించిరి. ఆగష్టు 8న సోవియట్ రష్యాయు జపానుపై యుద్ధము ప్రకటించినది. లొంగుబాటునకు బాంబులెంత కారణమో, రష్యా ప్రవేశమెంత కారణమో చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. 1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు గౌరవపట్టము నొసగబూనగా, తత్త్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ ఎదిరించెను. తన ప్రయోజనమునకై నిరపరాధులను చంపుట హత్యయేనని ఆమె వాదము.

సిద్ధాంతము: మన పంచాచారములలో గణాచారము అన్యాయమును చూచి ఊరకుండరాదని బోధించును. కావున జపాను సైన్యపు దౌర్జన్యమును ఎదిరించుట తప్పని మనమనజాలము. అయినను దెబ్బ తగులవలసినది అన్యాయము చేయువానికి. ఆనాటి ఉదయము హిరోషిమాలో వేలాది బడిపిల్లలు, మంటలు వ్యాపింపకుండ ఇండ్లను తొలగించు పనిలో నుండిరి. పెద్దలు అప్పగించిన పనిని చేయుచుండిన ఆ బిడ్డలు ఎవరిపై యుద్ధము ప్రకటించిరి?

బసవేశ్వరుని బోధకు దయ పునాది. ప్రతి దేహమును లింగమునకు నెలవని నమ్మినవారు, ఇన్ని ప్రాణములకు ఇన్ని ప్రాణములని కూడికలు తీసివేతలు చేయజాలరు. ఆ లెక్క ఒకసారి ఒప్పుకొన్నచో దానికి అంతుండదు. 1945 మార్చిలో టోక్యోపై కురిసిన అగ్నిబాంబులకు ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది బలియైరి. నగరవాసులను గురిగా నెంచుట అప్పటికే అలవాటైనది. అణుబాంబు ఆ దారిలో తరువాతి మెట్టు.

ఈ సిద్ధాంతమునకు వెల కలదు. బాంబు వేయకున్నచో యుద్ధము సాగియుండవచ్చును, సైనికులు మరికొందరు కూలియుండవచ్చును. ఆ వెలను దాచి దయను గూర్చి పలుకుట సత్యము కాదు. అయినను పసిబిడ్డలపై మోపరాని భారమది.

ఇది పరదేశపు గాథ మాత్రమే కాదు. 1974లోను, 1998లోను పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపిన మన దేశమునకును ఈ విచారణ తప్పదు. బాంబులనుండి బ్రదికి బయటపడినవారి సంస్థ నిహోన్ హిదాంక్యో పగను కోరక, మరెవ్వరికిని ఆ గతి పట్టరాదని కోరినది. దానికి 2024లో నోబెల్ శాంతి బహుమానము లభించినది.

గృహములందును మఠములందును ఈ ప్రశ్నను పిల్లలతో చర్చింపుడు: మన గెలుపునకై ఎవరి బిడ్డను ఇచ్చివేయుటకు మనకు అధికారము కలదు?