స్లాబు కింద ఎందుకు ఉడుకుతుంది?

ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు వచ్చింది. పోయిన మే నెలలో మా అమ్మ అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను.

మా పాత ఊరు ముంపులో పోయింది. అక్కడ మా ఇంటికి వెదురు తడికలు, వాటికి మట్టి మెత్తి, పైన గడ్డి కప్పు. ఫ్యాను లేదు. ఇప్పుడు కాలనీలో స్లాబు ఇల్లు. రాత్రంతా ఫ్యాను తిరిగినా తమ్ముడికి ఒళ్లంతా చెమటకాయలే. "ఏమే, తొమ్మిది చదువుతున్నావు కదా, ఈ ఇల్లెందుకు ఇట్టా ఉడుకుతుంది?" అంది అమ్మ. నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

స్లాబు పగలంతా ఎండని తాగి, రాత్రి మన మీద వదులుతుంది. గడ్డి కప్పులో పుల్లల మధ్య గాలి ఉంటుంది. నిలిచిన గాలి వేడిని తొందరగా కిందికి దిగనివ్వదు. అలాగని గడ్డిల్లే గొప్పదని నేను అనను. దానికి అగ్గి భయం, వానకి కారుడు. కప్పు మార్చిన ప్రతిసారీ మా అయ్య తిట్టుకునేవాడు.

స్లాబుకి సిమెంటు కావాలి. సిమెంటు కోసం సున్నపురాయిని బాగా కాలుస్తారు. అప్పుడు మంట నుంచే కాదు, రాయిలోంచి కూడా కార్బన్ డై ఆక్సైడ్, అంటే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అది గాలిలో పెరిగే కొద్దీ భూమి వేడెక్కుతుంది.

ఇక కరెంటు. 1000 వాట్లు ఒక గంట వాడితే 1 యూనిట్. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు. మన పై డార్మిటరీలో 8 ఫ్యాన్లు, రాత్రికి 10 గంటలు. 8 × 75 × 10 = 6000, అంటే 6 యూనిట్లు. దిగువ సీలేరులో మన కొండల నీళ్లతోనే కరెంటు కేంద్రం నడుస్తుంది, దానికి పొగ లేదు. కానీ దేశంలో ఎక్కువ కరెంటు బొగ్గుదే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో కూడా బొగ్గే కాలుస్తారు. దేశం సగటున యూనిట్‌కి సుమారు 0.7 కిలోల వాయువు. మన 6 యూనిట్లకి 4.2 కిలోలు. ఒక్క రాత్రికే!

రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక బట్టల కొట్లో దుప్పటి కప్పుకోవాలన్నంత చల్లగా ఉంది. వెనక సందులోకి వస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఉంది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తీసి బయట పోస్తుంది. తను వాడిన కరెంటు వేడిని కూడా దానికి కలుపుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1500 వాట్లు, అంటే 20 ఫ్యాన్లు. ఆ సందులోనే ఒక తాత చెప్పులు కుడుతున్నాడు.

తెలంగాణలో 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చారు. కప్పు తెల్లగా ఉంటే ఎండ చాలా వరకు వెనక్కి పోతుంది. మేం ఆరుగురం సైన్సు సారుతో కలిసి మన స్లాబు మీద ఒక మూల సున్నం వేశాం. మధ్యాహ్నం రెండు గంటలకి సున్నం మీద వట్టికాళ్లతో నిలబడగలిగాం. పక్కన అడుగు పెట్టి అందరం గెంతాం. సున్నం వానకి పోతుంది, ఏటా వేయాలి.

మేడం గారూ, వేసవి రాకముందే మిగతా స్లాబుకి సున్నం బస్తాలు ఇప్పించండి. ఈతమట్టలు కొట్టి కుంచెలు మేమే చేసుకుంటాం. ఒక కుంచె సెలవులకి ఇంటికి తీసుకెళ్తాను.