మగ్గము – బడి

1822 వ సంవత్సరమున చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో మండలములందలి బడుల లెక్కను, చదువుకొను పిల్లల లెక్కను తీసి పంపుడని కలెక్టరుల నాజ్ఞాపించెను. పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములు నాడు బళ్లారి మండలములోనివి. అనంతపురము వేఱు మండలమైనది 1882 లో.

బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో బదులు వ్రాసెను. తొమ్మిది లక్షలకు పైబడిన జనములో బడులు 533, చదువుకొనువారు 6,641 మంది; అందు బాలికలు 60 మంది. అతడు లెక్కతో నూరకుండక కారణమును వెదకెను. దేశము దరిద్రమగుచున్నందుననే చదువు సన్నగిల్లుచున్నదని తేల్చెను. సీమబట్టలు వచ్చి నేతగాండ్ర జీవనము చెడినది; దేశధనము ఐరోపావారి చేతులలో తరలిపోవుచున్నది; లేతచేతులు పనికి వచ్చినతోడనే బిడ్డలు బడి మానుచున్నారు. కుంఫిణీ యుద్యోగియై యుండియు నీ మాటలు దాచకుండుట మెచ్చదగినది.

ధర్మవరము నేడు పట్టుచీరలకు ప్రసిద్ధము. మగ్గముపైనున్న తండ్రికి కండెలు చుట్టి యిచ్చుట నేతయిండ్లలో తరతరములుగా పిల్లల పని. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వరకు విద్యను ఉచితము చేసినది. ప్రైవేటు బడుల మొదటి తరగతిలో నూటికి కనీసము 25 స్థానములు బడుగువర్గముల పిల్లలకు విడువవలెనని విధించినది. రుసుము తొలగినది, నిజమే. కండెలు చుట్టు చేతులకు మాఱుగా కూలివానిని పెట్టుకొను స్తోమత యెందరు తండ్రులకు కలదు? చీరల వర్తకుని కుమారునికి ఆ చిక్కు లేదు. నేతగాని బిడ్డకు మాత్రము చీర గడువు దగ్గరపడిన వారమున హాజరుపట్టీలో పేరు చెంత గడులు ఖాళీగా నుండును.