క్యూసెక్కు నుంచి క్యూమెక్కుకు

చి. అమ్మాయికి,

నీటిపారుదల శాఖలో ఏఈఈగా చేరావు గనక ఇకమీదట నీ బల్ల మీద రెండు రకాల కాగితాలు పడుతుంటాయి. గేట్ల దగ్గర్నుంచి వచ్చేవి అడుగుల్లో, క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో ఉంటాయి. కేంద్ర జల సంఘం నుంచి వచ్చేవి మీటర్లలో, క్యూమెక్కుల్లో, మిలియన్ ఘనపు మీటర్లలో ఉంటాయి. ఇందులో ఏముంది, 35.31తో గుణించడమో భాగించడమో అంతేగా అంటావు. గుణకారం దగ్గర తప్పేవాళ్లు తక్కువే. ఎప్పుడు మార్చాలి, ఎన్నిసార్లు మార్చాలి, మార్చాక పాత అంకెను ఏం చెయ్యాలి అన్న చోటే ఎక్కువమంది తప్పుతారు. కొలిచిన యూనిట్‌లోనే లెక్కంతా నడుపు, చివర ఒక్కసారి మార్చు, మార్చాక కూడా మొదటి అంకెను చెరపకు. నేను చెప్పదలచింది ఇంతే. కారణాలు మాత్రం కాస్త పెద్దవి.

ముందు గుణకం సంగతి. అడుగంటే సరిగ్గా 0.3048 మీటరు అని ఇంగ్లీషు కొలతలు వాడే దేశాలు 1959లో ఒప్పుకున్నాయి. దాన్ని ఘనం చేస్తే ఘనపు అడుగుకు 28.3168 లీటర్లు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, క్యూమెక్కంటే సెకనుకు ఒక ఘనపు మీటరు, కాబట్టి ఒక క్యూమెక్కు 35.3147 క్యూసెక్కులు. ఇందులో అనుమానానికి చోటు లేదు. కానీ నోటిలెక్కకు అలవాటుపడినవాళ్లు దాన్ని 35 చేస్తారు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే 10 లక్షల క్యూసెక్కులను 35తో భాగించి చూడు. 28,571 క్యూమెక్కులు వస్తాయి. అసలు రావలసింది 28,317. తేడా 254 క్యూమెక్కులు, అంటే దాదాపు 9,000 క్యూసెక్కులు. పట్టిసీమలో 24 పంపులూ కలిసి ఎత్తిపోసే నీళ్లు 8,500 క్యూసెక్కులే! ఒక ఎత్తిపోతల పథకం కంటే పెద్ద ప్రవాహం, నదిలో లేనిది, దశాంశ బిందువు వెనకాల నుంచి పుట్టుకొచ్చింది.

నది కొలతలోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది కదా, ఒక్క శాతం దగ్గర ఈ పట్టుదల ఎందుకని నువ్వు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. వరదలో బ్యారేజీ మీద నుంచి పోయే నీటిని ఎవరూ బిందెలతో కొలవరు. గేటు ఎంత ఎత్తారో, ఎగువ దిగువల నీటిమట్టం ఎంతో చూసి సూత్రంలో వేసి తీస్తారు. అందులో తేడా తప్పదు. అయితే ఆ తేడా చాలావరకు ఒకసారి ఎక్కువకు, ఒకసారి తక్కువకు పోతుంది. గుణకంలో చేసిన తప్పు మాత్రం ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది, రోజులు కూడేకొద్దీ పేరుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య పంపకంలో ఉన్న కృష్ణా జలాలు 811 టీఎంసీలు. అందులో 0.9 శాతం ఏడు టీఎంసీలు దాటుతుంది. అంత నీటిని ఏ రాష్ట్రమూ గుణకం ఖాతాలో వదులుకోదు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకోటుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు. దాన్ని ఫోనులో కొడితే 32,366.16 క్యూమెక్కులు అని చూపిస్తుంది. లక్షల్లో రెండు దశాంశాల దాకా తెలిసిన ప్రవాహానికి, మార్చగానే సెకనుకు పది లీటర్ల దాకా ఖచ్చితత్వం ఎక్కడి నుంచి వచ్చింది? 32,400 అని రాసి ఊరుకో. గుణకాన్ని పూర్తిగా వాడు, ఫలితాన్ని మాత్రం కొలతకు తగినంతే ఉంచు. ఫోను మొదటి పని చేసిపెడుతుంది, రెండోది నీకే వదిలేస్తుంది.

మొదటి అంకెను చెరపొద్దన్నది ఇందుకే. పోలవరం పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ 72 సెంటీమీటర్లు ఎక్కడివా అని బుర్ర గోక్కోవక్కర్లేదు. సరిగ్గా 150 అడుగులు. పట్టిసీమలో ఒక్కో పంపు సామర్థ్యం 354 క్యూసెక్కులు అంటారు. ఆ వంకర అంకె వెనక ఉన్నది 10 క్యూమెక్కులు. అంకెను ఏ యూనిట్‌లో పుట్టించారో తెలిస్తే అందులో ఎంతవరకు నిజమో, ఎక్కడ సర్దుబాటో తెలుస్తుంది.

కాలం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. క్యూసెక్కులోనే సెకను ఉంది, కాబట్టి సెకనుకు ఇన్ని క్యూసెక్కులు అని రాస్తే సెకనును రెండుసార్లు లెక్కపెట్టినట్టే. టీఎంసీలో కాలమే లేదు, అది వంద కోట్ల ఘనపు అడుగుల నిల్వ. 11,574 క్యూసెక్కులు ఎక్కువా తక్కువా కాకుండా రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ ‘రోజంతా’ అన్నదే కీలకం. ఉదయం ఆరింటి గేజి అంకెను 86,400తో గుణించి ఆ రోజు వచ్చిన నీళ్లని రాస్తే, మధ్యాహ్నం వరద తగ్గిన సంగతి ఏ గుణకానికీ తెలియదు.

గ్యాలన్లది మరో తలనొప్పి. హైదరాబాదు గోదావరి మొదటి దశ పథకం రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు, ఏటా 10 టీఎంసీలు. గ్యాలనుకు 4.546 లీటర్ల చొప్పున వేస్తే ఏడాదికి 10 టీఎంసీలే వస్తాయి. అమెరికా గ్యాలను, అంటే 3.785 లీటర్లు వేస్తే 8.4 దగ్గరే ఆగిపోతుంది. పంపుల కేటలాగులో గ్యాలన్లు కనిపిస్తే ఎవరి గ్యాలనో అడగకుండా ఆర్డరు మీద సంతకం పెట్టకు.

మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది కదా, క్యూసెక్కును ఇంకా మోయడం దేనికని నీ తరంవాళ్లు విసుక్కుంటారు. న్యాయమైన విసుగే. కానీ కృష్ణాలో బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, తిరిగి నదిలో చేరే నీళ్లు కాకుండా, ఇచ్చింది 800 టీఎంసీలు. ధవళేశ్వరం హెచ్చరికలు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. వీటిని మెట్రిక్‌లోకి మార్చి తిరగరాస్తే ప్రతి దశాంశం మీదా కొత్త తగాదా పుడుతుంది. పైగా ఒక క్యూసెక్కు గంటసేపు పారితే ఎకరంలో దాదాపు అంగుళం లోతు తడి, 3,630 ఘనపు అడుగులకు 3,600. ఎకరాల్లో బతికే రైతుకు, కాలువ లస్కరుకు ఇంత చక్కగా అమరే లెక్క మరోటి లేదు. క్యూమెక్కు గంట పారితే హెక్టారులో 36 సెంటీమీటర్లు, అదీ అంతే ముచ్చటైన లెక్కే. కానీ మన పాసుపుస్తకాలు ఎకరాల్లోనే ఉన్నాయి.

రేపు రిజిస్టరు తెరిచినప్పుడు కొలిచిన అంకెను దాని యూనిట్‌తో, కొలిచిన వేళతో ముందు రాయి. మార్చిన అంకెకు పక్కన వేరే గడి గియ్యి.

పెదనాన్న