ఆయనకు వచ్చిందా?

సింగపూర్ విద్యాశాఖ 1997లో బడిపిల్లలకు సమాజసేవ తప్పనిసరి చేసింది. ఏడాదికి కనీసం ఆరు గంటలు. 2012లో దాని స్థానంలో 'వాల్యూస్ ఇన్ యాక్షన్' వచ్చింది. ఇప్పుడు లెక్కంతా గంటల మీద లేదు. పనిని పిల్లలు తమదిగా తీసుకోవాలి, చేశాక కూర్చుని ఆలోచించాలి. నన్నడిగితే అసలు చదువు ఆ ఆలోచించడంలోనే ఉంది.

అక్కడి అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఖాళీగా ఉంచే వాయిడ్ డెక్‌లో కూర్చున్న పెద్దాయనకు వీడియో కాల్ నేర్పాలనుకోండి. పద్నాలుగేళ్ల కుర్రాడికి అదో లెక్కా? "ఇది నొక్కండి అంకుల్, తర్వాత ఇది" అని గబగబా చూపించేస్తాడు. ఆయన తలూపుతాడు. తీరా ఫోను చేతికిస్తే వేలు గాల్లోనే ఆగిపోతుంది. అక్షరాలు ఆనడం లేదు. కాస్త గట్టిగా నొక్కితే ఇంకేదో తెరుచుకుంది. పైగా మనవాడు నాలుగు మెట్లు ఒక్క ఊపులో దాటేశాడు. మళ్లీ మొదటికి రావాలి. అక్షరాలు పెద్దవి చేయాలి, ఒక్కో మెట్టూ కాగితం మీద రాసివ్వాలి, ఆయనకు ఇంగ్లిష్ రాకపోతే మలయ్‌లోనో మాండరిన్‌లోనో చెప్పగల స్నేహితుణ్ని పిలవాలి. తనకు వచ్చినదాన్ని విడగొట్టి చెబుతుంటే అది తనకూ ఇంకా బాగా పట్టుబడుతుంది. ఓర్పు అలవడేదీ అక్కడే.

ఇంటికొచ్చాక రెండు ముక్కలు రాసుకోమనండి: ఆయన ఎక్కడ ఆగారు, వచ్చేసారి నేనేం మార్చాలి. ఇది లేకపోతే ఆ గంటలు వట్టి హాజరే.

తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పిల్లల బదులు మీరే చార్టులు గీసిపెట్టకండి. పిల్లలు వేసుకున్న ప్లాను బెడిసికొడితే కొట్టనివ్వండి, సరిచేసుకునేది వాళ్లే కావాలి. బడిలో చేసే పనిని ఇంట్లో చులకన చేయకండి కూడా. 2017 నుంచి సింగపూర్ బడులన్నిటిలో పిల్లలు తరగతి గదులూ వరండాలూ రోజూ తామే శుభ్రం చేసుకుంటున్నారు. "చదువుకోడానికి పంపితే చీపురిస్తారా?" అని ఇంట్లో మనమంటే, బడి నేర్పింది గుమ్మం దగ్గరే పోతుంది.

భారత్‌లో మన కాలేజీల్లోనూ 1969 నుంచి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఉంది. రెండేళ్లలో 240 గంటలు. సర్టిఫికెట్‌కు ఆ లెక్క కావాలి. కానీ మనిషిగా ఎదగాలంటే వారానికో చోటికి పరుగెత్తకుండా, ఒక టర్మంతా అదే పని, అదే మనుషులతో చేయనివ్వండి. ఇంటికి రాగానే "ఎన్ని గంటలేశారు?" అనకండి. "ఆయనకు వచ్చిందా?" అని అడగండి.